అయామ్ బోరింగా, అయామ్ బోర్డా? కొట్టింది ఎవరు, దెబ్బ ఎవరికి తగిలింది అని చూస్కోండి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు: కొత్తగా ఉద్యోగంలో చేరారు, ప్రాజెక్ట్ ఇంకా రాలేదు, బెంచ్ మీద ఉన్నారు. టీమ్ కాల్‌లో లీడ్ "హౌ ఈజ్ ఇట్ గోయింగ్?" అని పలకరిస్తే మీరు "అయామ్ వెరీ బోరింగ్ సర్" అన్నారు, అవతల ముగ్గురు నలుగురు నవ్వారు, మీకేమో ఎందుకు నవ్వారో తెలీలేదు. ఇక్కడ బోర్డ్ అనాలా బోరింగ్ అనాలా, దాని పక్కన విత్ వస్తుందా ఆఫ్ వస్తుందా, అసలు మనవాళ్లందరం ఈ ఒక్క మాట దగ్గరే ఎందుకు తడబడతాం అని అడిగారు.

సూటిగా చెప్పేస్తా. మీకు బోర్ కొడుతుంటే "అయామ్ బోర్డ్". మీకు బోర్ కొట్టిస్తున్న దాని గురించి చెప్తుంటే "ఇట్స్ బోరింగ్". మీరు అన్న "అయామ్ వెరీ బోరింగ్ సర్"కి తెలుగు అర్థం "నేను ఒట్టి సుత్తిగాణ్ని సార్" అని. మిమ్మల్ని మీరే అంత మర్యాదగా తిట్టుకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది కదా, వాళ్లని తప్పు పట్టకండి, రేపటికి మర్చిపోతారు కూడా.

నేను అమీర్‌పేటలో 17 ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తున్నా. బ్యాచ్‌లో ముప్ఫై మంది ఉంటే మొదటి వారంలో ఈ తప్పు చేయనివాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇంగ్లీష్ మీడియం వాళ్లు కూడా ఉంటారు, బీటెక్ డిస్టింక్షన్ వాళ్లూ ఉంటారు. కాబట్టి ఇది తెలివికి సంబంధించిన విషయం అనుకోకండి. మన తెలుగే మనల్ని ఇక్కడ దారి తప్పిస్తుంది, కానీ సరిగ్గా చూస్తే దారి చూపించేది కూడా అదే, అదెలాగో చెప్తా.

మనం తెలుగులో ఏమంటాం? "నాకు బోర్ కొడుతోంది." ఒక్కసారి ఈ వాక్యం ఆగి చూడండి. ఇందులో నేను ఏమీ చేయట్లేదు. నేను ఊరికే కూర్చున్నా, బోర్ అనేది ఎక్కడి నుంచో వచ్చి నన్ను కొడుతోంది. నాకు ఆకలేస్తోంది, నాకు నిద్రొస్తోంది, నాకు కోపమొచ్చింది, నాకు భయమేస్తోంది... మన లోపల కలిగే వాటన్నిటినీ మనం ఇలా బయట నుంచి వచ్చినట్టే చెప్తాం, అందుకే "నేను" అనం, "నాకు" అంటాం. ఇంగ్లీష్‌లో ఆ "నాకు"కి జాగా లేదు, అన్నీ "ఐ"తోనే మొదలెట్టాలి. సరే అని "ఐ యామ్" దాకా వెళ్తాం, ఆ తర్వాత మన చెవిలో ఉన్నది "కొడుతోంది" కదా, ఇప్పుడు జరుగుతున్న పని కదా, జరుగుతున్న పనికి ఇంగ్లీష్‌లో ఐఎన్‌జీ పెట్టాలని స్కూల్లో సార్ చెప్పాడు కదా, ఈటింగ్, గోయింగ్, స్లీపింగ్ లాగా బోరింగ్ అని తగిలించేస్తాం. లాజిక్ ప్రకారం చూస్తే తప్పేం లేదు పాపం. కానీ అలా అనేసరికి దెబ్బ తిన్నవాడు కాస్తా కొట్టినవాడు అయిపోతాడు.

అందుకే నేను క్లాసులో బోర్డు మీద రాసేది ఒక్కటే: కొట్టినదానికి "ఇంగ్", దెబ్బ తిన్నవాడికి "డ్". క్లాస్ నన్ను కొట్టింది, కాబట్టి క్లాస్ బోరింగ్, నేను బోర్డ్. సినిమా మా అమ్మని కొట్టింది, కాబట్టి సినిమా బోరింగ్, అమ్మ బోర్డ్. మీరు కాల్‌లో అన్నదాంట్లో మీరు కొట్టినవాడు అయిపోయి లీడ్ దెబ్బ తిన్నవాడు అయ్యాడన్నమాట.

ఇది కూడా గుర్తుండదు అనుకునేవాళ్లకి ఇంకో చిట్కా ఉంది, దీన్ని నేను "కు" టెస్ట్ అంటా. వాక్యం ముందు తెలుగులో అనుకోండి. ఎవరి పేరు చివర "కు"గానీ "కి"గానీ వచ్చిందో వాళ్లకి డ్. నాకు బోర్ కొడుతోంది, అయామ్ బోర్డ్. పిల్లలకి బోర్ కొడుతోంది, ద కిడ్స్ ఆర్ బోర్డ్. మా నాన్నకి మధ్యలోనే బోర్ కొట్టి లేచి వెళ్లిపోయాడు, మై డాడ్ గాట్ బోర్డ్ హాఫ్‌వే అండ్ లెఫ్ట్. "సినిమా బోర్" అన్నప్పుడు సినిమా చివర కు లేదు, కాబట్టి ద మూవీ వాజ్ బోరింగ్. అంతే.

ఈ టెస్ట్‌లో అందం ఏంటంటే బోర్ ఒక్కదానికే కాదు, దాని అన్నదమ్ములందరికీ పనికొస్తుంది. నాకు ఇంట్రెస్ట్ ఉంది, అయామ్ ఇంట్రెస్టెడ్. నాకు కన్ఫ్యూజింగ్‌గా ఉంది, అయామ్ కన్ఫ్యూజ్డ్. నాకు ఇరిటేటింగ్‌గా ఉంది, అయామ్ ఇరిటేటెడ్. నాకు సిగ్గుగా అనిపించింది, ఐ వాజ్ ఎంబారస్డ్. ఇంటర్వ్యూలో "అయామ్ వెరీ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్" అనే పిల్లలు ఇప్పటికీ నెలకి ఇద్దరైనా వస్తారు నా దగ్గరికి, అంటే "నేను భలే ఆసక్తికరమైన మనిషిని" అని వీళ్లే సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నారు. "అయామ్ కన్ఫ్యూజింగ్" అంటే "నేను జనాన్ని అయోమయంలో పడేసే రకం" అని. "అయామ్ ఇరిటేటింగ్" సంగతి చెప్పక్కర్లేదు.

అయితే ఈ టెస్ట్‌ని కళ్లు మూసుకుని వాడకండి, చిన్న చిన్న పేచీలు ఉన్నాయి. నాకు ఆకలేస్తోంది అంటే హంగ్రీ, నాకు నిద్రొస్తోంది అంటే స్లీపీ, వీటికి డ్ తోక లేదు. "నేను అలిసిపోయా"లో కు లేకపోయినా టైర్డ్ అనే వస్తుంది. అలాగే కొట్టినదానికి అన్నిసార్లూ ఇంగ్ రాదు, భయపెట్టే దయ్యం సినిమాని స్కేరింగ్ అనరు, స్కేరీ అంటారు, చూసినవాడు మాత్రం స్కేర్డ్. ఒత్తిడి పెట్టే ఉద్యోగం స్ట్రెస్‌ఫుల్, చేసేవాడు స్ట్రెస్డ్. మెప్పించింది ఇంప్రెసివ్, మెచ్చుకున్నవాడు ఇంప్రెస్డ్. కానీ చూశారా, దెబ్బ తిన్నవాడి వైపు మాత్రం డ్ ఎక్కడికీ పోలేదు. అందుకే డ్‌ని గట్టిగా పట్టుకోండి, రెండోవైపు మెల్లగా వినికిడి మీద వచ్చేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మాది నల్గొండ పక్క పల్లెటూరు, మా దిక్కు బోరింగ్ అంటే చేతిపంపు. పొద్దున్నే బిందెలు పట్టుకుని బోరింగ్ కాడికి పోవుడు, హ్యాండిల్ పట్టుకుని ఎగిరి ఎగిరి కొట్టుడు, ఇవన్నీ చేసి పెరిగినవాళ్లమే. ఒకసారి క్లాసులో సూర్యాపేట అబ్బాయి ఒకడు లేచి సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో "ఆన్ సండేస్ అయామ్ బోరింగ్ సర్" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ నుంచి ఇంకొకడు "అయితే రెండు బిందెలు కొట్టరా, నీళ్లొస్తయ్" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది, ఆ అబ్బాయి కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. నేను మూడు రోజులు గ్రామర్ చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క జోక్‌తో ఎక్కేసింది, కోర్స్ అయ్యేదాకా వాడి నోట ఆ తప్పు మళ్లీ వినలేదు. మీకు కూడా నోటి దాకా వస్తే చేతిపంపు తల్చుకోండి.

మరి "ఐ యామ్ బోరింగ్" అనేది ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. నిజంగానే మీ గురించి తక్కువ చేసుకుని "నేను పార్టీలకి వెళ్లను, తొమ్మిదింటికే పడుకుంటా, అయామ్ ఎ బోరింగ్ పర్సన్" అంటే కరెక్టే, సరదాగా కూడా ఉంటుంది. ఎవరికైనా చాలాసేపు ఏదో చెప్తూ వాళ్ల మొహం చూసి "యామ్ ఐ బోరింగ్ యూ?" అని అడగొచ్చు, ఇక్కడ బోర్ అనేది క్రియ, పక్కన యూ ఉంది చూడండి, ఎవర్ని కొడుతున్నామో చెప్తున్నాం. అలాగే "ఎ బోర్డ్ క్లాస్" అని ఎవరైనా రాస్తే వెంటనే తప్పు అనకండి, అక్కడ క్లాస్ అంటే పాఠం కాకుండా కూర్చున్న పిల్లలు, వాళ్లకి బోర్ కొడుతోందని. "ఎ బోరింగ్ క్లాస్" అంటే పాఠమే దండగ అని. రెండూ ఉన్న గదులు నేను చాలా చూశా, నా క్లాసులతో కలిపి.

ఇంగ్, డ్ గొడవ కంటే ఎక్కువగా మన హైదరాబాద్‌లో వినపడేది ఇంకోటుంది, రెండూ లేకుండా ఉత్త బోర్. "అయామ్ గెటింగ్ బోర్", "ఐ గాట్ బోర్ యార్", "ఫీలింగ్ బోర్", "ఇట్స్ టూ మచ్ బోర్". ఇది తప్పు అని చెప్తే చాలామంది ఒప్పుకోరు, ఎందుకంటే చుట్టూ అందరూ అలాగే అంటారు, తెలుగులో బోర్ అనే మాట మనకి అంతగా సొంతమైపోయింది. తెలుగులో ఎంతైనా వాడుకోండి, ఇంగ్లీష్ వాక్యంలో మాత్రం "అయామ్ గెటింగ్ బోర్డ్", "ఐ గాట్ బోర్డ్" అనాలి. ఉత్త బోర్ అనేది మనిషికో పనికో పెట్టే పేరు, ముందు "ఎ" ఉండాలి: "హీ ఈజ్ ఎ బోర్" అంటే వాడొక సుత్తి, "వాట్ ఎ బోర్!" అంటే ఏం విసుగురా బాబూ అని. "ఐ గాట్ ఎ బోర్" అంటే మాత్రం మీకొక సుత్తిగాడు దొరికాడని అర్థం.

ఈ డ్ ఎందుకు రాలిపోతుందంటే సగం కారణం చెవే. తెలుగు మాటలు ఎక్కువ శాతం అచ్చుతో ముగుస్తాయి, పుస్తకం లాంటివి వదిలేయండి, రాముడు, చెట్టు, ఇల్లు, అమ్మ, తల. అందుకే చివర ఒత్తుగా ఆగే డ్ మనకి అలవాటు లేదు, అయితే దాన్ని మింగేస్తాం, లేదంటే "బోర్డు" అని ఉ తగిలిస్తాం, ఇంకొందరు జాగ్రత్తపరులు "బోరెడ్" అని రెండు ముక్కలు చేస్తారు. అది ఒకటే ముక్క, బోర్డ్, నల్లబల్లని బోర్డ్ అన్నట్టే పలకాలి, చెవికి రెండింటికీ తేడా లేదు. డ్ పలకడం కష్టంగా ఉంటే పక్క మాటతో కలిపేయండి: "అయామ్ బోర్డెట్ హోమ్", "ఐ వాజ్ బోర్డిన్ ద మీటింగ్". అచ్చు దొరికింది కాబట్టి మన నాలుక హాయిగా తిరుగుతుంది. టైర్డ్, కన్ఫ్యూజ్డ్ కూడా ఇలాగే. ముందు ట గానీ డ గానీ ఉంటేనే చివర "ఇడ్" అని విడిగా వినపడుతుంది, ఇంట్రెస్టెడ్, ఎగ్జైటెడ్, ఇరిటేటెడ్‌లో లాగా.

చెవికి తేడా లేదు గానీ రాతలో ఉంది, చాట్‌లో జాగ్రత్త. విసుగు బోర్డ్ స్పెల్లింగ్ బి ఓ ఆర్ ఈ డి. బి ఓ ఏ ఆర్ డి అని కొడితే అది చెక్క పలక, లేదా కంపెనీ డైరెక్టర్ల బోర్డ్. మీరు బెంచ్ మీద కూర్చుని "అయామ్ బోర్డ్" అని పలక స్పెల్లింగ్‌తో మెసేజ్ పెడితే ఆటోకరెక్ట్ కూడా కాపాడదు, దానికి రెండూ మంచి మాటలే. ఇక మన దగ్గర కంపెనీలు బోర్డు తిప్పేయడం అనేది ఇంకో సబ్జెక్ట్, దాని జోలికి వెళ్లను.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. బోర్డ్, బోరింగ్ తేడా నెల రోజుల్లో వచ్చేస్తుంది. కానీ తెలుగులో మనం "బోర్" అనే ఒక్క మాటని అరడజను పనులకి వాడతాం, వాటన్నిటినీ ఇంగ్లీష్‌లో బోర్డ్ అని దించేస్తే గ్రామర్ కరెక్టే అవుతుంది, భావం మాత్రం తప్పుతుంది. బోర్ అన్న మాట రాకముందు మన పెద్దవాళ్లు ఏమనేవాళ్లో గుర్తు తెచ్చుకోండి, అప్పుడు విడివిడిగా కనపడతాయి. ఏమీ తోచట్లేదు, పొద్దు పోవట్లేదు, ఉబుసుపోక కూర్చున్నాం... ఇది ఖాళీగా ఉండి వచ్చేది. దీనికి అచ్చంగా సరిపోయేదే "అయామ్ బోర్డ్". "అయామ్ బోర్డ్, దేర్స్ నథింగ్ టు డూ." మీ బెంచ్ బాధ ఈ రకం.

రెండోది, "ఉప్మా తిని తిని బోర్ కొట్టేసింది". ఇక్కడ ఖాళీ లేదు, అతి ఉంది. మొహం మొత్తడం అంటాం కదా, అది. బోర్డ్ విత్ ఉప్మా అన్నా తప్పు కాదు గానీ ఇంగ్లీష్ వాళ్ల నోటికి వచ్చేది "అయామ్ టైర్డ్ ఆఫ్ ఉప్మా" లేదా ఇంకాస్త ఘాటుగా "అయామ్ సిక్ ఆఫ్ ఉప్మా". సిక్ అంటే జ్వరం కాదులెండి. మూడోది, "ఈ మేనేజర్‌తో విసుగొచ్చేసింది రా". దీన్ని బోర్డ్ అంటే చాలా చప్పగా ఉంటుంది, కోపం కూడా కలిసి ఉంది కాబట్టి "అయామ్ ఫెడప్ విత్ మై మేనేజర్". నాలుగోది మన కుర్రాళ్ల స్పెషల్: "ఇప్పుడు అంత దూరం వెళ్లాలంటే బోర్ రా". ఇది బోరా? ఒట్టి బద్ధకం. "అయామ్ బోర్డ్ టు గో" అంటారు మా స్టూడెంట్స్, అలాంటి వాక్యం ఇంగ్లీష్‌లో లేదు. "ఐ డోంట్ ఫీల్ లైక్ గోయింగ్" అనండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లయితే "ఐ కాంట్ బి బాదర్డ్" అంటారు, అదే సరిగ్గా మన "ఎవడెళ్తాడ్రా బాబూ". బాస్ దగ్గర మాత్రం వాడకండి.

ఇంకోటి, ఇది నాకు ఇష్టమైనది. "నువ్వు లేకపోతే ఇల్లంతా బోర్‌గా ఉందే" అని ఫోన్‌లో పుట్టింటికెళ్లిన పెళ్లాంతో అంటాం. తెలుగులో అది ప్రేమే. దాన్ని "అయామ్ బోర్డ్ వితౌట్ యూ" అని ఇంగ్లీష్‌లో పంపితే మాత్రం నువ్వు నాకు టైంపాస్ అన్నట్టు ధ్వనిస్తుంది. అక్కడ చెప్పాల్సింది "ఐ మిస్ యూ", లేదా "ఇట్స్ నాట్ ద సేమ్ వితౌట్ యూ". ఇక సుత్తి. 1980ల్లో జంధ్యాల గారి సినిమాలతో ఈ మాట ఇంటింటికీ పాకింది, వీరభద్రరావు గారికీ వేలు గారికీ ఏకంగా ఇంటిపేరు అయి కూర్చుంది. వదలకుండా చెప్పిందే చెప్పే మనిషిని ఇంగ్లీష్‌లో "హీ ఈజ్ సచ్ ఎ బోర్" అనొచ్చు, లేదా "హీ గోస్ ఆన్ అండ్ ఆన్" అనొచ్చు, రెండోది కాస్త మెత్తగా ఉంటుంది.

సినిమాల దగ్గర ఇంకో మాట ఉంది. "సెకండాఫ్ ల్యాగ్" అనేది మన రివ్యూల్లో ఎంత మామూలు మాటో తెలుసు కదా, దాన్ని అలాగే "సెకండ్ హాఫ్ ఈజ్ లాగ్" అని బయటి దేశం వాళ్లతో అంటే వాళ్లు నెట్ స్లోగా ఉందేమో అనుకుంటారు. "ద సెకండ్ హాఫ్ డ్రాగ్స్" అంటారు, అయిపోయిన దాని గురించి అయితే "ఇట్ డ్రాగ్డ్ ఎ బిట్". డల్ కూడా ఇలాంటిదే. మనం "ఏంటి డల్‌గా ఉన్నావ్" అని ప్రేమగా అడుగుతాం, నీరసంగా ఉన్నావా, ఏమైనా బాధా అని. నా స్టూడెంట్ ఒకతను, మంచి కుర్రాడు, వీడియో కాల్‌లో అమెరికా క్లయింట్‌తో "యూ ఆర్ లుకింగ్ వెరీ డల్ టుడే" అన్నాడట, పలకరింపుగానే. అవతల ఆవిడ రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదట. ఎందుకంటే మనిషిని డల్ అంటే వాళ్లకి వినపడేది చప్పిడి మనిషి అనో, బుర్ర తక్కువ అనో. "యూ లుక్ టైర్డ్, ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?" అంటే సరిపోయేది.

విత్, ఆఫ్ సంగతి త్వరగా తేల్చేస్తా, దాని గురించి జనం అక్కర్లేనంత కొట్టుకుంటారు. బోర్డ్ విత్, బోర్డ్ బై, ఈ రెండూ ఎక్కడైనా చెల్లుతాయి. బోర్డ్ ఆఫ్ కూడా ఇప్పుడు మాటల్లో బాగా వాడుకలో ఉంది, ఇంగ్లీష్ వాళ్ల పిల్లలే అంటున్నారు, కానీ పాతకాలం టీచర్లూ కొందరు ఎడిటర్లూ మూతి ముడుస్తారు, కాబట్టి పరీక్షలోనో ఆఫీస్ మెయిల్‌లోనో విత్ పెట్టేయండి, ఎవరూ ఏమనలేరు. తెలుగులో "ఈ పనితో విసుగొచ్చింది" అంటాం కదా, ఆ "తో"నే విత్ అనుకోండి. బోర్డ్ ఫ్రమ్, బోర్డ్ ఫర్ అనకండి. పని చెప్పాలంటే ఇంకా సులువు, ఏమీ లేకుండా నేరుగా "అయామ్ బోర్డ్ సిటింగ్ ఎట్ హోమ్". ఎక్కువ తక్కువలు చెప్పాలంటే ఎ బిట్ బోర్డ్, సో బోర్డ్, రియల్లీ బోర్డ్. మన "చచ్చేంత బోర్"కి మాత్రం అచ్చుగుద్దినట్టు బోర్డ్ టు డెత్ ఉంది. "తోచక చిప్స్ ప్యాకెట్ మొత్తం తినేశా"కి "ఐ ఏట్ ద హోల్ ప్యాకెట్ అవుట్ ఆఫ్ బోర్‌డమ్".

ఇప్పుడు మీ లీడ్ మళ్లీ అడిగితే ఏం చెప్పాలి. "అయామ్ బోర్డ్" అనండి అని చెప్తాననుకున్నారేమో, వద్దు. గ్రామర్ ప్రకారం కరెక్టే, కానీ ఆఫీసులో ఆ మాట "మీరు నాకు పని ఇవ్వట్లేదు" అన్న ఫిర్యాదులా వినపడుతుంది. "ఇట్స్ బీన్ ఎ బిట్ స్లో, ఐడ్ లవ్ టు టేక్ సమ్‌థింగ్ ఆన్" అనండి. అదే బాధ, కానీ పని అడిగినట్టు ఉంటుంది. ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం ఎందుకు మానేస్తున్నావ్ అంటే కూడా ఇదే. బోర్డ్ అన్నారో, రేపు మా దగ్గర కూడా బోర్ కొడుతుంది అంటాడేమో అని వాళ్లకి అనుమానం. "ఐ హావెంట్ బీన్ లెర్నింగ్ ఎనీథింగ్ న్యూ ఫర్ ఎ వైల్" అంటే ఆ గొడవ ఉండదు. రోజంతా ఎక్సెల్‌లో అవే కాలమ్స్ నింపే పని అయితే బోరింగ్ బదులు "రెపెటిటివ్" అనండి, పనిని అన్నట్టు ఉంటుంది గానీ పని ఇచ్చినవాణ్ని అన్నట్టు ఉండదు.

ప్రాక్టీస్ అడగలేదు మీరు, అయినా చెప్తా. మా వాళ్లకి మెట్రోలో చేయమంటా. మియాపూర్ నుంచి అమీర్‌పేట వచ్చేలోపు చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూసి మనసులో రెండు ముక్కల వాక్యం ఒకటి కట్టాలి, కొట్టింది ముందు, దెబ్బ తిన్నది తర్వాత. "ద వీడియో ఈజ్ బోరింగ్, సో షీ ఈజ్ బోర్డ్." "ద రూల్స్ ఆర్ కన్ఫ్యూజింగ్, సో హీ ఈజ్ కన్ఫ్యూజ్డ్." రెండూ జంటగా అంటేనే తేడా నాలుక మీద కూర్చుంటుంది, ఒక్కోటి విడిగా బట్టీ పడితే మళ్లీ కలిసిపోతాయి. పది రోజులు చేసి చూడండి.

ఆఖర్న నా తప్పు ఒకటి ఒప్పుకుంటా, ఎందుకంటే ఈ మర్యాద సంగతి నేను కూడా ఆలస్యంగానే నేర్చుకున్నా. మా అక్కావాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. ఐదారేళ్ల కింద మా అమ్మ ఆరు నెలలకని వెళ్తుంటే నేనే కూర్చోబెట్టి ఇంగ్లీష్ నేర్పించా, ఈ కు టెస్ట్ కూడా నేర్పించా, అమ్మ ఒక్క రోజులో పట్టేసింది, నా స్టూడెంట్స్ కంటే నయం. అక్కడ పక్కింటి అమెరికా ముసలావిడ కేక్ చేసి తీసుకొచ్చి "హౌ డూ యూ లైక్ ఇట్ హియర్?" అని అడిగిందట. అమ్మ తడుముకోకుండా, డ్ లేకుండా, ఇంగ్‌తో, అక్షరం తప్పు లేకుండా "ఇట్స్ బోరింగ్" అంది. ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉండి కళ్లు మాత్రం మారిపోయాయట, కేక్ చేతిలోనే ఉంది. రాత్రికి అక్క ఫోన్ చేసి "ఏం నేర్పించావ్‌రా అమ్మకి?" అని వాయించేసింది. అమ్మకేమో తను చేసిన తప్పేంటో అర్థం కాలేదు, "నువ్వు చెప్పినట్టే చెప్పాను కదరా, ఊళ్లో తోచట్లేదంటే అదే కదా" అంది. నిజమే, నేను గ్రామర్ ఇచ్చి వదిలేశా. అప్పుడు ఫోన్‌లోనే కొత్త వాక్యం నేర్పించా: "ఇట్స్ నైస్, బట్ ఎ బిట్ క్వయెట్ ఫర్ మీ." ఆ మాట అమ్మకి తెగ నచ్చేసింది. తిరిగొచ్చాక కూడా వదల్లేదు, మొన్న మా ఇంట్లో సాంబార్‌లో ఉప్పు తక్కువైతే గిన్నె వైపు చూసి, మా ఆవిడ వైపు చూడకుండా, "నైసే గానీ ఎ బిట్ క్వయెట్" అంది.